ఫారిన్ ట్రైనర్ కావలెను

డిగ్రీ అయిపోయాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం దిల్‌సుఖ్‌నగర్‌లో, ఒక స్పోకెన్ ఇంగ్లీష్ ఇన్‌స్టిట్యూట్‌లో. మెట్రో ఎల్బీ నగర్ దాకా నడవడం మొదలైన కొత్తల్లో అది. మెయిన్ రోడ్డు దిగి సందులోకి తిరిగితే కింద మొబైల్ కవర్ల దుకాణం, దాని పైన కంప్యూటర్ కోర్సులు, ఆ పైన మేము. లిఫ్ట్ ఉండేది కానీ నడిచేది కాదు.

ముందు ఫోన్లో మాట్లాడినప్పుడు ఓనర్ నా గొంతు విని చాలా సంతోషపడ్డాడు. "రేపే జాయిన్ అయిపోమ్మా, ఫ్రంట్ ఆఫీస్ చూస్కుందువు" అన్నాడు. మర్నాడు నేను వెళ్ళి ఎదురుగా నిలబడేసరికి కాసేపు చూసి, "నీ వాయిస్ మంచిగుందమ్మా, నువ్వు ఫోన్లు చూస్కో" అని ప్లైవుడ్ గోడ వెనకున్న చిన్న గది చూపించాడు. వారం తిరగకుండా ముందు కౌంటర్‌లో ఇంకో అమ్మాయి వచ్చి కూర్చుంది. ఆమె ఎర్రగా ఉంటుంది. తెల్లగా ఉన్నవాళ్ళను మా వైపు ఎర్రగా ఉన్నారనే అంటాం.

నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. మా చెల్లి ఎరుపు, నేను నలుపు. ఒకే తల్లికీ ఒకే తండ్రికీ పుట్టినవాళ్ళం. నల్గొండ దగ్గర మా అమ్మమ్మ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఈ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. పొద్దంతా ఎండలో చేన్లో ఉండేవాళ్ళకు అందరి రంగూ ఒకటే. మీర్‌పేట్‌లో ఇల్లు కట్టుకుని వచ్చాకనే, "పెద్దపిల్ల జర కర్రెగుంది" అన్న మాట కాలనీలో మొదటిసారి విన్నాను. నేను మారలేదు, నా ఒళ్ళు మారలేదు. ఊరు మారేసరికి దానికొక పేరొచ్చింది, ఆ పేరుతో పాటు ఒక ధర కూడా వచ్చింది. మా అమ్మ శనగపిండిలో పాలు కలిపి నా మొహానికి పట్టించేది. పదో తరగతి దాకా పట్టించి, ఆ తర్వాత ఆ పిండితో బజ్జీలు వేయడం మేలనుకుంది.

ఇన్‌స్టిట్యూట్‌లో నేను చేరిన ఏడాదికి, మా సందులోనే ఇంకో ఇన్‌స్టిట్యూట్ తెరిచారు. మా బ్యాచ్‌లు పల్చబడ్డాయి. ఓనర్ పరేషాన్ అయ్యాడు. ఆయనది ఎల్బీ నగర్ పాత ఊరి కుటుంబం, ఒకప్పుడు పొలాలున్నవాళ్ళు, ఇప్పుడు బిల్డింగులున్నవాళ్ళు. మనిషి చెడ్డవాడు కాదు. నెల మొదటి తారీఖున జీతమిచ్చేవాడు, ఎవరికైనా జ్వరమొస్తే దవాఖానకు తన బండి పంపేవాడు. ఆలోచించి ఆలోచించి ఒకరోజు, "ఫారిన్ ట్రైనర్‌ను పెడ్దామమ్మా. ఫ్లెక్స్ మీద ఫొటో వేస్తే జనం ఉరికొస్తరు" అన్నాడు. 'ఫారిన్ ట్రైనర్ కావలెను' అని ప్రకటన వేయించాడు.

ఆ ప్రకటన చూసి చేసిన ఫోన్లలో ఒకటి ఆమెది. ఆమె ఇంగ్లీష్ వింటుంటే నా వాక్యాలు తడబడ్డాయి. తొందర లేదు, తెచ్చిపెట్టుకున్న యాస లేదు, ప్రతి మాటా తుడిచి పెట్టినట్టు వినిపించింది. పేరు కూడా ఇంగ్లీష్ పేరే. ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. ఓనర్ కళ్ళు మెరిశాయి. "రమ్మను, రేపే రమ్మను" అని సైగ చేశాడు.

మర్నాడు ఆమె మెట్లెక్కి వచ్చింది. నా వయసే. పొట్టి మనిషి, చిన్న కళ్ళు, గుండ్రటి మొహం, భుజాల దాకా కత్తిరించిన జుట్టు. ఓనర్ లేచి నిలబడబోయినవాడు సగంలో ఆగిపోయాడు.

"మీది నేపాలా?" అని హిందీలో అడిగాడు.

"మేఘాలయ సార్" అంది ఆమె.

"అదెక్కడుంటది?"

"ఇండియాలోనే సార్."

ఓనర్ నా వైపు చూశాడు, మోసం నేనే చేసినట్టు. తర్వాత ఆమెతో మర్యాదగానే మాట్లాడాడు. తల్లిదండ్రులు ఫారిన్ అని చూసే ఫీజు కడతారని, వేరేగా అనుకోవద్దని చెప్పాడు. కాసేపాగి, ఉత్త చేతులతో పంపడం ఇష్టం లేక కాబోలు, కొత్తపేట్‌లో తన బామ్మర్దికి బ్యూటీ పార్లర్ ఉందని, "మీవాళ్ళు ఆ పనిలో బాగుంటారు కదా" అని, కావాలంటే చెప్పి పెట్టిస్తాననీ అన్నాడు.

ఆమె నవ్వింది. "నాకు జుట్టు కత్తిరించడం రాదు సార్. ఇంగ్లీష్ చెప్పడం వచ్చు" అని బ్యాగ్ తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

నేను ఉండబట్టలేక, "సార్, ఆమె ఎంత మంచిగ మాట్లాడుతుందో విన్నరు కద" అన్నాను.

"విన్ననమ్మా. కాని ఫారిన్ అంటే ఫారిన్ లెక్క కనవడాలె కద."

టీ తాగొస్తానని చెప్పి కిందికి దిగి మెయిన్ రోడ్డు మీదికొచ్చాను. ఆమె ఇంకా మెట్రో మెట్ల దగ్గరే నిలబడి ఫోన్ చూసుకుంటోంది. నన్ను చూసి, "ప్లైవుడ్ వెనక నుంచి తొంగిచూసిన అమ్మాయివి నువ్వే కదా?" అంది. "ఫోన్లో మాట్లాడింది కూడా నేనే" అన్నాను. పక్కనే ఉన్న బండి దగ్గర ఇద్దరం చాయ్ తాగాం. ఆమెతో నా మాటలు ఇంగ్లీష్‌లో కొంత, హిందీలో కొంత నడిచేవి. షిల్లాంగ్ దగ్గర కొండల్లో వాళ్ళ ఊరట. మిషన్ బడిలో చదివింది, ఇంగ్లీష్ లిటరేచర్‌లో డిగ్రీ. కాల్ సెంటర్ ఉద్యోగం కోసం ఇక్కడికొస్తే, ఆ ఆఫీసు కాస్తా ఎత్తేశారు. ఇప్పుడు హాస్టల్ కూడా ఖాళీ చేయమన్నారు, రూం వెతుక్కోవాలి. సాయంత్రం చైతన్యపురిలో ఒకటి చూడాలంది. డ్యూటీ అయ్యాక నేనూ వెంట వెళ్ళాను.

ఆ ఇంటావిడ కోస్తా నుంచి వచ్చి స్థిరపడినావిడ. గుమ్మంలోనే నిలబెట్టి నాతో మాట్లాడింది, ఆమెతో కాదు. "మాకేం అభ్యంతరం లేదమ్మా. కానీ ఫారినర్స్‌కి ఇస్తే పోలీసులకి కాగితాలవీ ఇవ్వాలంటారు. ఆ అమ్మాయికి పాస్‌పోర్టూ అదీ ఉన్నాయా?"

"ఆమెది ఇండియానే ఆంటీ. ఆధార్ ఉంది" అన్నాను.

"అయితే మాత్రం, పక్కవాళ్ళు ఒప్పుకోరమ్మా" అంది.

రోడ్డు మీదికొచ్చాక నేను జరిగింది చెబితే ఆమె పెద్దగా నవ్వింది. "పొద్దున ఉద్యోగానికి నేను ఫారిన్ కాదన్నారు. సాయంత్రం ఇంటికి ఫారిన్ అన్నారు. ఎవరో ఒకరు తేల్చి చెబితే బాగుండు" అంది. కొంచెం దూరం నడిచాక నవ్వు తగ్గింది. "నిజం చెప్పనా? మా ఊళ్ళో కూడా కింద మైదానాల నుంచి వచ్చినవాళ్ళని పిలవడానికి ఒక మాట ఉంది. నీలాంటివాళ్ళని. మంచి మాట కాదు. చిన్నప్పుడు నేనూ అన్నాను. ఆ మాట అవతలివాళ్ళకు ఎలా తగులుతుందో ఇక్కడికొచ్చాకే తెలిసింది."

ఆమె ఆ సంగతి దాచుకోకుండా చెప్పడం నాకు నచ్చింది. అప్పటికప్పుడు, "మా ఇంటి మీద రూం ఒకటి ఖాళీగా ఉంది, అమ్మనడుగుతాను" అన్నాను.

ఫోన్లో ఆమె ఫొటో చూపిస్తే అమ్మ మొదట తటపటాయించింది. నాన్న లారీ మీద పోతే వారాల తరబడి ఇంటికి రాడు కాబట్టి ఇంటి నిర్ణయాలన్నీ అమ్మవే. "ఇయ్యొద్దని కాదు బిడ్డా. మన మనిషి లెక్క లేకపాయె. పక్కపొంటోళ్ళు ఏమంటరో ఏమో" అంది. అయినా ఆదివారం రమ్మని, చూసి చెబుతానంది.

ఆదివారం ఆమె వచ్చేసరికి మా ఇంట్లో ఎండు చేపల పులుసు ఉడుకుతోంది. గేటు దగ్గరే ఆమె ఆగిపోయింది. ముక్కుపుటాలెగరేసి గాలి పీల్చి, "ఎండు చేపలా?" అని అడిగింది హిందీలో. అమ్మ సిగ్గుపడి, "వాసనొస్తుందా? ఆ కిటికీ తెరువు బిడ్డా" అని నన్ను తొందరపెట్టింది.

"వద్దు, వద్దు" అంది ఆమె. కళ్ళు చెమర్చాయి. వాళ్ళింట్లో ఎండు చేపల్ని కాల్చి పచ్చడి నూరుతారట. వాళ్ళమ్మ పంపిస్తే హాస్టల్లో డబ్బా మూత తీసింది. వాసన అని గొడవైంది. ఖాళీ చేయమన్నది అందుకేనట.

నేను ఈ సంగతి తెలుగులో చెబితే అమ్మ గరిటె పట్టుకునే వచ్చి ఆమె ఎదురుగా కూర్చుంది. మాకెప్పుడూ చెప్పని విషయం ఆమెకు చెప్పింది. మమ్మల్ని అమ్మమ్మ దగ్గర వదిలి నాన్నతో కొత్తగా పట్నం వచ్చినప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయిల్లు కోసం తిరిగి తిరిగి చెప్పులరిగిపోయాయట.

"ఏం కులమని అడిగినోళ్ళున్నరు, ఏం తింటరని అడిగినోళ్ళున్నరు. నీ పేరేందమ్మా అని ఒక్కలు అడగలే" అంది అమ్మ. "ఓ తాన అన్నీ ఒప్పుకొని, పొయ్యి మీద చాపల కూర జూసి తెల్లారే ఎల్లగొట్టిండ్రు."

నేను హిందీలోకి మార్చి చెబుతుంటే ఆమె అమ్మ మొహమే చూస్తూ కూర్చుంది. చెల్లి అప్పుడు హాస్టల్లో ఉండి చదువుతోంది, ఆ మధ్యాహ్నం ఇంట్లో ఉన్న ముగ్గురం కలిసి తిన్నాం. ఆమె రెండోసారి పులుసు వేయించుకుంది.

"పక్కపొంటోళ్ళ సంగతేందమ్మా?" అని అడిగాను తర్వాత.

"నేను జెప్త తియ్యి" అంది అమ్మ.

అలా ఆమె మా ఇంటి పైగదిలోకి వచ్చింది. ఇంటర్నెట్‌లో ఎవరెవరికో వ్యాసాలు దిద్దిపెట్టి రోజులు గడుపుకునేది. ఖాళీ దొరికితే మా అమ్మ దగ్గర కూర్చునేది. అమ్మకు హిందీ అంతంతే. అందుకని ఆమే తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టింది. నేర్పింది మా అమ్మ కాబట్టి అది అచ్చం నల్గొండ తెలుగే అయింది.

ఈలోగా ఓనర్‌కు కావలసిన ఫారిన్ దొరికింది. నాగోల్‌లో ఒక యోగా గురువు దగ్గర నేర్చుకోవడానికి వచ్చిన తెల్లవాడు, తూర్పు యూరప్‌లో ఏదో చిన్న దేశం వాడు. ఆరడుగుల పొడుగు, నీలం కళ్ళు. మొదటి రోజే చేతులూపుతూ, "నా ఇంగ్లీష్ బాగోదు" అని వచ్చీరాని ఇంగ్లీష్‌లో చెప్పాడు. "పరవాలేదు, మీరు జస్ట్ కూర్చోండి" అన్నాడు ఓనర్. అతని ఫొటోతో ఫ్లెక్స్ లేచింది. నిజంగానే జనం వచ్చారు. నా ఫోన్ ఆగకుండా మోగింది. అతను క్లాసులో కుర్చీలో కూర్చుని "గుడ్, వెరీ గుడ్" అనేవాడు, ఎవరైనా గ్రామర్ అడిగితే చెవుల దాకా ఎర్రబడేవాడు. సెల్ఫీల కోసం మాత్రం పిల్లలు వరస కట్టేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం అతను నా గదిలోకి వచ్చి అన్నం తింటున్న నా పక్కన కూర్చున్నాడు. మాటలు వెతుక్కుంటూ చెప్పుకొచ్చాడు. వాళ్ళ దేశం నుంచి పడమటికి పని కోసం పోతే అక్కడ వాళ్ళను వేరే జాతివాళ్ళలా చూస్తారట. హోటల్లో గిన్నెలు కడిగాడట. నోరు విప్పితే చాలు, యాస విని, ఎక్కడి నుంచి వచ్చావని అడిగేవారట. "అక్కడ నేను సరిపోయినంత తెల్లవాణ్ణి కాదు. ఇక్కడ తెల్లగా ఉండటమే నా పని. నాకు సిగ్గుగా ఉంది" అన్నాడు. ఇంకొన్నాళ్ళకు ఓనర్‌కు నమస్కారం పెట్టి, రానని చెప్పి వెళ్ళిపోయాడు.

వెళ్ళిపోయింది సాయంత్రం బ్యాచ్‌కు ముందు. క్లాసు నిండా పిల్లలున్నారు. మా పాత ట్రైనర్ సెలవులో ఉన్నాడు. ఓనర్ ప్లైవుడ్ గోడ పట్టుకుని, "జర ఏదన్న చెయ్యమ్మా, ఇయ్యాల్టికి మేనేజ్ చెయ్" అన్నాడు. నేను మా ఇంటికి ఫోన్ చేశాను.

"వస్తాను. కానీ నేనెవరో చెప్పే క్లాసు మొదలుపెడతాను, ఒప్పుకుంటాడా?" అంది ఆమె.

ఓనర్‌కు ఆ సమయంలో ఏదైనా ఒప్పుకోక తప్పదు.

ఆమె ఆటో దిగి, మెట్లెక్కి, ఆయాసపడుతూ లోపలికొచ్చింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. క్లాసంతా గుసగుసలు. వెనక బెంచీ నుంచి ఒకతను లేచి, "మేడమ్, ఫారిన్ సార్ ఏడి?" అని అడిగాడు.

ఆమె బ్యాగ్ బల్ల మీద పెట్టి తెలుగులో అంది: "సార్ పోయిండు. నేనొచ్చిన. కూసోండ్రి."

క్లాసు పైకప్పు ఎగిరిపోయేలా నవ్వింది. ఎవరో, "మేడమ్, మీది చైనానా?" అని అరిచారు.

"చైనా గాదు బిడ్డా, మేఘాలయ. ఆడ గూడ ఓట్లొస్తే మీ తీరే లైన్ల నిలవడ్తం" అంది, మా అమ్మ గొంతుతో.

మళ్ళీ నవ్వు. ఆమె నవ్వు ఆగేదాకా ఉండి, ఇంగ్లీష్‌లోకి మారి నెమ్మదిగా చెప్పింది: "నేను తెలుగులో ఇప్పుడు ఎన్ని తప్పులు చేశానో నాకు తెలీదు. మీరు నవ్వారు. కానీ మీకు అర్థమైంది కదా? ఇప్పుడు మీ వంతు. మీరు తప్పులతో ఇంగ్లీష్ మాట్లాడండి. నేను నవ్వుతాను. కానీ అర్థం చేసుకుంటాను."

మొదటి బెంచీలో ఒకమ్మాయి ఉండేది. చేరిన రోజు నుంచి నోరు విప్పింది లేదు. అడిగితే తలొంచుకునేది. ఆ రోజు ఆ అమ్మాయే ముందు లేచింది. దిల్‌సుఖ్‌నగర్‌కు బస్సులో ఎలా వచ్చిందో, కండక్టర్‌తో ఏం గొడవైందో చెప్పింది. క్రియలన్నీ తలకిందులు. కానీ చివరి దాకా చెప్పింది. కూర్చున్నాక మొహం వెలిగిపోతోంది.

ఓనర్ నా పక్కనే నిలబడి అంతా చూశాడు. బ్యాచ్ వదిలాక ఆమెను, "రేపు కూడ వస్తరా మేడమ్?" అని అడిగాడు.

అందరూ ఉండిపోయారని చెప్పను. కొందరు ఫీజు వాపసు తీసుకుని పక్క ఇన్‌స్టిట్యూట్‌కు పోయారు. ఒక తండ్రి వచ్చి, "ఫ్లెక్స్ మీద ఒకలు, లోపల ఇంకొకలా?" అని గొంతు పెంచాడు. ఓనర్ కాసేపు నసిగాడు. ఆ తర్వాత, "ఫ్లెక్స్ తప్పే అన్నా, దించేస్త. కాని మీ పిల్లను అడుగుండ్రి, నేర్చుకుంటుందో లేదో" అన్నాడు. ఆ పిల్ల తండ్రి చెయ్యి వదిలించుకుని క్లాసులోకి వెళ్ళిపోయింది. ఓనర్ మనసు మారిందని నేను అనుకోను. బ్యాచ్‌లు నిండుతున్నాయని మారాడు. అయినా మారాడు. అదీ చిన్న సంగతి కాదు.

ఫ్లెక్స్ దించిన రోజున ఆమెను పర్మనెంట్ చేస్తానన్నాడు. ఆమె సరేనంది, నన్ను చూపించి, "ఈమె కూడా నాతో పాటు క్లాసు చెబుతుంది" అంది.

"మరి ఫోన్లు?"

"ఫోన్ ఎవరైనా ఎత్తుతారు సార్. ఈమె తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీష్ నేర్చుకుంది. పిల్లలు ఎక్కడ ఆగిపోతారో నాకన్నా ఈమెకు తెలుసు."

నేను అలా ఎప్పుడూ ఆలోచించలేదు. నా దగ్గర లేనివే లెక్కపెట్టుకుంటూ వచ్చినదాన్ని. మర్నాడు క్లాసులో అందరి ఎదుట నిలబడ్డాను. మొదటి వాక్యం కోసం నీళ్ళు తాగాను, రెండో వాక్యానికి అవసరం పడలేదు. కాసేపటికి నా మొహం ఎలా ఉందన్న ఆలోచనే పోయింది. వాళ్ళకూ ఉన్నట్టు లేదు. వాళ్ళకు వాళ్ళ ఇంటర్వ్యూల భయం, నాకు ఆ భయం పోగొట్టే పని.

ఇప్పుడు నేను వనస్థలిపురంలో సొంతంగా చిన్న సెంటర్ నడుపుతున్నాను. ఆమె ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సులకు మాట తీరు నేర్పుతుంది. అక్కడ ఆమె కింద పెద్ద టీమే ఉంది. మొన్న ఇల్లు మారాలనుకుంటే మళ్ళీ ఎవరో పాస్‌పోర్ట్ అడిగారు. కానీ ఈసారి రెండో ఇంట్లోనే దొరికింది. ఆ ఇంటి కోడలు ఒకప్పుడు మా బ్యాచ్‌లో పిల్ల.

పోయిన చలికాలం నా స్నేహితురాలి అమ్మ పిలిస్తే మా అమ్మను తీసుకుని వాళ్ళ ఊరు వెళ్ళాం. అమ్మ విమానమెక్కడం అదే మొదలు. గువాహటిలో దిగి, జీపులో కొండెక్కాం. వాళ్ళ ఊరి సంతలో అందరూ మా అమ్మనే చూశారు. అల్లం అమ్మే ఒక ముసలమ్మ వాళ్ళ భాషలో ఏదో అడిగింది. నా స్నేహితురాలు ఇబ్బందిగా నవ్వి, "కొండ కిందున్న బంగ్లాదేశ్ నుంచి వచ్చారా అని అడుగుతోంది" అంది.

"మీర్‌పేట్ అని చెప్పు" అంది అమ్మ ఏమాత్రం తొణక్కుండా.

ఆమె ముసలమ్మతో చాలాసేపు మాట్లాడింది. ముసలమ్మ లేచి, తను కూర్చున్న వెదురు పీట దులిపి అమ్మ ముందుకు జరిపింది. ఏం చెప్పావని అడిగాను.

"మా అమ్మకు అక్క అవుతుందని చెప్పాను."

అమ్మ పీట మీద కూర్చుని అల్లం కొమ్ము తుంచి వాసన చూసింది. వేళ్ళతో ధర అడిగింది. ముసలమ్మ వేళ్ళతో చెప్పింది. అమ్మ తల అడ్డంగా ఊపి, "ఎక్కువ చెప్తున్నవు" అంది తెలుగులో. ముసలమ్మ తన భాషలో ఏదో గట్టిగా అని నవ్వింది. ఒకరి మాట ఒకరికి ఒక్కటీ తెలీదు. బేరం మాత్రం చాలాసేపు సాగింది.